నీళ్లతో నడిచే కారు.. లెక్కకు నిలిచేనా?

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఒక వార్త మళ్లీ చిగురిస్తుంది. ఎక్కడో ఒక మెకానిక్ నీళ్లతో బండి నడిపించాడని, మరెవరో గాలితో కారును పరుగెత్తించాడని, ఇంకెవరో ఆకు పసరు నుంచి ఇంధనం తీశాడని ప్రచారం సాగుతుంది. శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. ప్రభుత్వం ఆదుకుంటే దేశ భవిష్యత్తే మారిపోతుందన్న ప్రకటనలు వెలువడతాయి. ఏడాది తిరిగేసరికి ఆ బండి ఏమైందో చెప్పే నాథుడుండడు. మళ్లీ ధరలు పెరుగుతాయి. మరో ఊరు, మరో బండి, అదే కథ.

ఇది కేవలం కాలక్షేప కబురైతే ఉపేక్షించవచ్చు. కానీ ఈ మాటలు నమ్మి సొమ్ము పోగొట్టుకునేది రోజువారీ కిరాయిపై బతికే ఆటోడ్రైవర్లు, మైలేజీ కోసం తపించే చిన్న ఉద్యోగులు, కొత్త పంటపై ఆశతో పొలాన్ని అప్పగించే మెట్ట రైతులు. అద్భుతాలు విఫలమైన ప్రతిసారీ నిజమైన ప్రత్యామ్నాయ ఇంధనాలపై కూడా ప్రజలకు విశ్వాసం సడలుతుంది. అందువల్ల ఏది ఆశ, ఏది భ్రమ అన్నది తేల్చుకోవడం అవసరం. దానికి శాస్త్రవేత్తలే కానక్కరలేదు. ఇంటి జమాఖర్చు రాయగలిగినవారికీ ఆ లెక్క అందుతుంది.

నీరు ఇంధనం కాదు.. బూడిద

నీటిలో హైడ్రోజన్ ఉంది, హైడ్రోజన్ మండుతుంది, కాబట్టి నీటితో బండి నడుస్తుందన్నది ప్రచారకుల ప్రధాన వాదన. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోదే తప్పు. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండగా మిగిలేదే నీరు. కట్టె కాలితే బూడిద మిగిలినట్టే హైడ్రోజన్ కాలితే నీరు మిగులుతుంది. బూడిదను మళ్లీ పొయ్యిలో పెట్టి అన్నం వండడం ఎంత సాధ్యమో, నీటిని ఇంధనంగా వాడడమూ అంతే సాధ్యం.

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చు. పాఠశాల ప్రయోగశాలలోనూ ఈ విద్యుద్విశ్లేషణను చూపుతారు. అయితే దానికి కరెంటు ఖర్చవుతుంది. ఒక కిలో హైడ్రోజన్ కోసం సుమారు 9 లీటర్ల నీటిని విడగొట్టాలి. సిద్ధాంతరీత్యానే అందుకు 39 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. నేటి యంత్రాల్లో వాస్తవంగా 50 యూనిట్లు, అంతకు మించి కూడా అవుతోంది. అదే కిలో హైడ్రోజన్‌ను మంచి ఫ్యూయల్ సెల్‌లో వాడితే తిరిగి వచ్చేది 20 యూనిట్లకు లోపే. యాభై పెట్టి ఇరవై తెచ్చుకునే వ్యాపారంలో లాభం మిగిలిందని ఎవరైనా చెబితే, ఆ లెక్కలో ఏదో పద్దు దాచారనే అర్థం.

ఆటోలకు, కార్లకు తగిలించే 'హైడ్రోజన్ కిట్ల' కథ కూడా ఇదే. బ్యాటరీ కరెంటుతో డబ్బాలోని నీటిని విడగొట్టి, వచ్చిన వాయువును ఇంజిన్‌లోకి పంపుతామంటారు. ఆ బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. దాన్ని తిప్పేది ఇంజిన్. ఇంజిన్‌ను నడిపేది పెట్రోలే. వంద రూపాయల పెట్రోలు పోస్తే అందులో ఇంజిన్ పనిగా మార్చగలిగేది పాతిక రూపాయల పైచిలుకు మాత్రమే. ఆల్టర్నేటర్ దగ్గర కొంత, విద్యుద్విశ్లేషణ దగ్గర మరికొంత తరుగు పోగా వాయువు రూపంలో మిగిలేది పది రూపాయలకు లోపే. ఆ వాయువును మళ్లీ ఇంజిన్‌లో మండిస్తే చక్రానికి చేరేది రెండు మూడు రూపాయలే. కిట్ ఎంత ఖరీదైనదైనా ఈ తరుగును తప్పించలేదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దశాబ్దాలుగా ఇంధన పొదుపు పరికరాలను పరీక్షించింది. వందకు పైగా పరికరాల్లో అత్యధికం వల్ల ప్రయోజనం లేదని, ఏ కొద్దింటి వల్లనో స్వల్ప లాభం మాత్రమే ఉందని తేల్చింది.

లోపలికా.. బయటికా?

ఈ గందరగోళానికి మరో కారణమూ ఉంది. హైడ్రోజన్ కార్లు నిజంగానే ఉన్నాయి. జపాన్ సంస్థ టయోటా 2014లో 'మిరాయ్' కారును విపణిలోకి తెచ్చింది. 2022 మార్చిలో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఆ కారులోనే పార్లమెంటుకు వెళ్లారు. పొగ గొట్టం నుంచి నీటి ఆవిరి తప్ప మరేదీ రాదన్న మాట, నోటి నుంచి నోటికి మారేసరికి నీటితో నడిచే కారుగా మారింది.

మిరాయ్ కారులో నీరు బయటికి వస్తుంది. ప్రచారకుల కారులో నీరు లోపలికి పోతుంది. ఈ రెంటి మధ్య భేదం పొయ్యిలో పెట్టే కట్టెకూ, పొయ్యి నుంచి తీసే బూడిదకూ ఉన్నంత. మిరాయ్ ట్యాంకుల్లో అధిక పీడనంతో నింపుకునే సుమారు ఐదున్నర కిలోల హైడ్రోజన్‌ను ముందే ఎక్కడో ఒకచోట శక్తిని వెచ్చించి తయారు చేయవలసిందే. ఆ సంగతిని తయారీదారు దాచడు.

మూలికా పెట్రోలు ముచ్చట

దక్షిణాది పాఠకులు మరువలేని ఉదంతం తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లైది. ఒక మూలికను నీటిలో ఉడికించి పెట్రోలు వంటి ఇంధనం తీస్తున్నానని 1996లో ఆయన ప్రకటించగానే దేశమంతా అటు చూసింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. నేతలు, అధికారులు సైతం ఆసక్తి కనబరిచారు. మద్రాసు ఐఐటీలో నిపుణుల సమక్షంలో పరీక్ష జరిగినప్పుడు మాత్రం ఆ అద్భుతం నిలబడలేదు. ద్రవాన్ని కలిపే కర్రలోనే కిటుకు ఉందన్న విషయం బయటపడింది.

నిజానికి ప్రయోగశాల దాకా వెళ్లకుండానే ఆ మాటలోని లోపాన్ని పట్టుకోవచ్చు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అందులో సుమారు 85 శాతం కర్బనమే, అంటే 600 గ్రాములకు పైగా. నీటిలో కర్బనం లేదు. మరి గుప్పెడు ఆకులు వేస్తే అన్ని గ్రాముల కర్బనం ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఈ ఒక్క ప్రశ్నను ఆనాడు తొలిరోజే అడిగి ఉంటే సన్మానాలు ఆగేవి.

కథ అక్కడితో ముగియలేదు. ఆ తరువాత మూలికా ఇంధనం పేరుతో విక్రయాలు కూడా సాగాయి. పెట్రోలియం ద్రావకాలను కలిపి అమ్ముతున్నారన్న ఆరోపణపై సీబీఐ కేసు నమోదు చేసింది. 2016 అక్టోబరులో చెన్నైలోని కోర్టు ఆయనతో పాటు మరో నలుగురికి మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. ప్రకటనకూ తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ నడుమ ఇంధనాన్ని కొన్నవారి బండ్లు ఏమయ్యాయన్న లెక్క ఏ తీర్పులోనూ పూర్తిగా ఉండదు.

ఒహాయో నుంచి సింధ్ దాకా

ఈ మోజు ఒక్క దేశానిది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన స్టాన్లీ మేయర్ తన బండి నీటితో నడుస్తుందని ఏళ్ల తరబడి ప్రచారం చేసుకున్నాడు. పేటెంట్లు సంపాదించాడు. పెట్టుబడులు సేకరించాడు. ఇద్దరు మదుపరులు కోర్టుకెక్కగా, నిపుణులు ఆయన పరికరాన్ని పరిశీలించి అది సాధారణ విద్యుద్విశ్లేషణ తప్ప మరేమీ కాదని తేల్చారు. ఘోరమైన మోసంగా పరిగణించిన న్యాయస్థానం, మదుపరులకు 25 వేల డాలర్లు తిరిగి చెల్లించాలని 1996లో ఆదేశించింది. 1998లో ఆయన మరణించాడు. మెదడులో రక్తనాళం చిట్లడమే కారణమని అధికారిక పరీక్ష నిర్ధారించినా, చమురు కంపెనీలే చంపించాయన్న వదంతి నేటికీ అంతర్జాలంలో తిరుగుతూనే ఉంది.

2008లో జపాన్‌లోని ఒసాకాలో జెనెపాక్స్ అనే సంస్థ నీటి కారును ప్రదర్శించింది. లీటరు నీటితో గంటసేపు 80 కిలోమీటర్ల వేగంతో పోవచ్చని చెప్పింది. ఆ ప్రదర్శనకు వాడిన బండి మన బెంగళూరులో తయారైన 'రేవా' విద్యుత్ కారు! మరుసటి ఏడాది నిధులు లేవంటూ సంస్థ తెర దించేసింది. 2001లో మార్కెట్లోకి వచ్చిన అదే రేవాను తయారీదారులు మాత్రం బ్యాటరీ కారుగానే అమ్మారు. ఒకసారి చార్జి చేస్తే 80 కిలోమీటర్ల వరకు వెళ్తుందని, చార్జింగుకు గంటలు పడుతుందని ముందే చెప్పారు. బండి ఒకటే. ఒకచోట దాని పరిమితిని బయటపెట్టారు, మరోచోట దాచారు.

2012లో పాకిస్థాన్‌లోని సింధ్ రాష్ట్రానికి చెందిన ఆఘా వకార్ అహ్మద్ నీటి కిట్‌తో టీవీ తెరలకెక్కాడు. కేంద్ర మంత్రులు మద్దతు పలికారు. అణు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ సైతం ఇందులో మోసం లేదన్నారు. భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హూద్భాయ్ వంటి కొద్దిమంది మాత్రం ఇది శక్తి సూత్రాలకే విరుద్ధమని ఎదురు నిలిచారు. కాలం ఎవరి పక్షాన తీర్పు చెప్పిందో నేటి కరాచీ పెట్రోలు బంకుల ముందరి వరుసలే చెబుతాయి. ప్రముఖుడు చెప్పినంత మాత్రాన ప్రకృతి సూత్రం మారదు.

గాలి కారు.. కార్బైడ్ కారు

మోసం లేకపోయినా అంచనా మితిమీరిన సందర్భాలూ ఉన్నాయి. ఫ్రెంచి ఇంజనీరు గై నెగ్ర్ రూపొందించిన సంపీడిత గాలి ఇంజిన్‌పై 2007లో టాటా మోటార్స్ ఒప్పందం చేసుకుంది. చవకైన గాలి కారు త్వరలో వీధుల్లోకి వస్తుందని ప్రపంచమంతా రాసింది. మొదటి దశ పూర్తయిందని 2012లో టాటా సంస్థ తెలిపింది. ఆ కారు మాత్రం నేటికీ షోరూముకు చేరలేదు.

కారణం దురుద్దేశం కాదు, గాలిలో దాగే శక్తి పరిమితం కావడమే. 300 లీటర్ల ట్యాంకులో వాతావరణ పీడనానికి 300 రెట్ల ఒత్తిడితో గాలిని నింపినా, ఏ తరుగూ లేదనుకున్నా దక్కేది సుమారు 12 యూనిట్ల శక్తి. లీటరు పెట్రోలులోని వేడి సుమారు 9 యూనిట్లకు సమానం. అంటే అంత పెద్ద ట్యాంకులోని గాలి లీటరున్నర పెట్రోలుకు కూడా సరితూగదు. అందులోనూ గాలిని నింపే కంప్రెసర్‌కు కరెంటు బిల్లు వేరు.

మధ్యప్రదేశ్‌లోని సాగర్ పట్టణానికి చెందిన ఒక మెకానిక్ నీరు, కాల్షియం కార్బైడ్ కలిపి కారు నడిపిన వైనం కూడా నీటి కారుగానే ప్రచారమైంది. మామిడికాయలు మగ్గబెట్టేందుకు అక్రమంగా వాడుతున్నారని మన మార్కెట్లలో అధికారులు దాడులు చేసేది ఈ కార్బైడ్ మీదే. నీరు తగిలితే దాని నుంచి ఎసిటిలిన్ వాయువు వస్తుంది. గ్యాస్ వెల్డింగు చేసేవారికి ఇది కొత్త కాదు. ఆ కారు నడిచింది నిజమే. కానీ అక్కడ ఖర్చయ్యే ఇంధనం నీరు కాదు, కార్బైడ్. సున్నాన్ని, కోక్ బొగ్గును విద్యుత్ కొలిమిలో సుమారు రెండు వేల డిగ్రీల వేడికి గురిచేస్తే గాని కార్బైడ్ తయారు కాదు. నీటి పేరు ముందుకు వచ్చింది, కార్బైడ్ ధర వెనక్కి పోయింది.

జట్రోఫా నేర్పిన పాఠం

అతిశయోక్తి ప్రైవేటు వ్యక్తులకే పరిమితం కాదని జట్రోఫా అనుభవం చాటింది. అడవి ఆముదంగా పిలిచే ఈ మొక్క గింజల నూనెతో డీజిల్ ఇంజిన్ నిజంగానే నడుస్తుంది. 2002 డిసెంబరు 31న 5 శాతం బయోడీజిల్‌తో అమృతసర్ శతాబ్ది రైలును ప్రయోగాత్మకంగా నడిపారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జాతీయ కార్యక్రమాన్ని సిఫారసు చేసింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలన్నది లక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరవు జిల్లాల్లోనూ జట్రోఫా, కానుగ తోటలను ప్రభుత్వం ప్రోత్సహించింది.

బంజరు భూమి చాలు, నీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, పశువు ముట్టదు, గింజలు విరగ కాస్తాయన్నది నాటి ప్రచారం. మొక్క బతికింది నిజమే. బతకడం వేరు, కాయడం వేరు. నీరు, పోషకాలు లేనిచోట దిగుబడి నామమాత్రమైంది. మేలైన వంగడాలు లేవు. కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చివరికి కొనే నాథుడు కరువయ్యాడు. అంతర్జాతీయ చమురు సంస్థ బీపీ సైతం 2007లో జట్రోఫా భాగస్వామ్యంలో చేరి 2009లో వైదొలగింది. 20 శాతం గడువును తొలుత 2017కు పొడిగించారు. 2018 నాటి జాతీయ విధానంలో 2030 నాటికి 5 శాతం చాలన్నారు.

ఇక్కడ కర్రలో కిటుకు లేదు, నూనె బూటకం కాదు. బూటకమైంది ఎకరా దిగుబడి అంచనా. దాని భారం మాత్రం అంచనా వేసినవారిపై కాక, తోట వేసిన రైతుపై పడింది.

కొండవాలున దొర్లిన లారీ

పల్లెల్లోని అమాయకులే మోసపోతారన్న అభిప్రాయం కూడా సరికాదు. అమెరికాలో నికోలా అనే సంస్థ హైడ్రోజన్, విద్యుత్ లారీలు తెస్తామంటూ 2020లో స్టాక్ మార్కెట్లో నమోదైంది. ఒక దశలో దాని మార్కెట్ విలువ శతాబ్ద చరిత్ర గల ఫోర్డ్ సంస్థను మించిపోయింది. అప్పటికి అది అమ్మిన లారీ ఒక్కటీ లేదు. లారీ రోడ్డుపై దూసుకుపోతున్నట్టు 2018లో విడుదల చేసిన వీడియోలో, ఆ బండిని ఏటవాలు రోడ్డుపై వదిలి దొర్లించారని తరువాత వెల్లడైంది. లారీ సొంత శక్తితో నడుస్తోందని తామెన్నడూ చెప్పలేదని కంపెనీ సమర్థించుకోవడం విడ్డూరం.

వ్యవస్థాపకుడు ట్రెవర్ మిల్టన్‌ను 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది. 2023లో నాలుగేళ్ల శిక్ష పడింది. 2025 మార్చిలో దేశాధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ క్షమాభిక్ష ప్రసాదించారు. అంతకు ముందు నెలలోనే నికోలా దివాలా పిటిషన్ వేసింది. క్షమాభిక్ష ఆయనకు దక్కింది గాని, మదుపరుల సొమ్ము తిరిగి రాలేదు. హైడ్రోజన్ లారీ అసాధ్యమైన వస్తువు కాదు. సాధ్యమైన దానిని సాధించేశామని చెప్పడమే ఇక్కడి నేరం.

నష్టం చెప్పేవాడే నమ్మదగినవాడు

ఇన్ని ఉదంతాలు చూసి ప్రత్యామ్నాయ ఇంధనాలన్నీ బూటకమనుకుంటే అదీ పొరపాటే. సీఎన్‌జీ ఆటోలు నడుస్తున్నాయి. విద్యుత్ స్కూటర్లు పల్లె దారుల్లోనూ కనిపిస్తున్నాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకుంది. వీటన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. లాభంతో పాటు నష్టమూ లెక్కలో కనిపిస్తుంది.

ఇథనాల్‌నే తీసుకుంటే, లీటరుకు దానిలోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల 20 శాతం మిశ్రమంతో పాత ప్రమాణాల నాలుగు చక్రాల వాహనాల్లో 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం ఇంధన సామర్థ్యం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికే పేర్కొంది. ఆ నష్టం ఎవరు భరించాలన్న దానిపై వాదోపవాదాలు సాగవచ్చు. కానీ వాదించుకోవడానికి ఒక అంకె ఉంది. విద్యుత్ వాహనానికీ చార్జింగు సమయం, బ్యాటరీ ఖరీదు, రోడ్డుపై తగ్గే దూరం ఉన్నాయి. అద్భుతం చేశామనేవారి దగ్గర మాత్రం నష్టం పద్దే ఉండదు. అదే తొలి అనుమానానికి తావివ్వాలి.

పేటెంటు ఉంది కదా అన్న వాదన చెల్లదు. ఆలోచన ఎవరిదన్న హక్కుకే పేటెంటు సాక్ష్యం, బండి మైలేజీకి కాదు. పెద్ద కంపెనీలు తొక్కేస్తున్నాయన్న వాదనా నిలవదు. మన దేశం ముడి చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. నీటితో బండి నడిచే మాటే నిజమైతే దాన్ని నెత్తిన పెట్టుకునే తొలి ప్రభుత్వం మనదే అవుతుంది.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఎవరైనా కొత్త కిట్‌తో, కొత్త ఇంధనంతో ఊళ్లోకి వస్తే వినియోగదారుడు నాలుగు ప్రశ్నలు అడగాలి. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? బండిలో నీరు కాక ఇంకేమి ఖర్చవుతోంది, దాని ధరెంత? ప్రదర్శకుడి చేయి పడకుండా, సీలు వేసిన ట్యాంకుతో, వేరొకరు కొలిచి చూశారా? పుణెలోని ఏఆర్ఏఐ వంటి అధీకృత సంస్థ ధ్రువపత్రం ఉందా?

చివరి ప్రశ్న చట్టానికీ సంబంధించింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్పీజీ వంటి కిట్లకే మినహాయింపు, అదీ రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకున్నాకే. అనుమతి లేని కిట్ బిగించుకున్న బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఇక హైడ్రోజన్, ఎసిటిలిన్ వంటి వాయువులు ఇంజిన్ పక్కన డబ్బాలో ఉండడమే పెను ప్రమాదం.

బాధ్యత కొనేవారిది మాత్రమే కాదు. సన్మాన సభకు వెళ్లే ప్రజాప్రతినిధి, సిఫారసు లేఖ రాసే అధికారి, ఫొటో ప్రచురించే పత్రిక కూడా శాలువాకు ముందు ఆ నాలుగు ప్రశ్నలు వేయాలి. జిల్లా కేంద్రాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో ఇలాంటి బండిని ఒక్క పూటలో తూచి, కొలిచి తేల్చవచ్చు. మెకానిక్ నిజంగా ప్రతిభావంతుడైతే ఆ పరీక్షే అతనికి అసలైన సన్మానమవుతుంది. కాకపోతే, ఆటో తాకట్టు పెట్టి కిట్ కొనబోయే వ్యక్తి చేతిలో ఆ సొమ్ము మిగులుతుంది.